పాత తోణికి కొత్త ప్రాణం



ఈనాటి ప్రసంగం ఓడ గురించి. నేను పాఠాలు చెప్పేది కోవిల్‌పట్టిలో. అక్కడి నుంచి సముద్రం సుమారు 60 కిలోమీటర్లు. ఊరి చుట్టూ ఎటు చూసినా నల్లరేగడి చేలు, పత్తి, కంది, జొన్న, అగ్గిపెట్టెల కార్ఖానాలు. అటువంటి ఊళ్ళో ఉంటూ ఓడ సంగతి ఎత్తుకోవడం ఏమిటని మీరు అనుకోవచ్చు. కాని పత్తిచేనుకూ ఓడకూ మనం అనుకునేంత దూరం లేదు. ఆ సంబంధమేమిటో, పాడుబడిన ఓడను మళ్ళీ నిలబెట్టడం ఎలాగో, ఆ పనిలో మనవంటి వాళ్ళకు ఏం పాఠం ఉందో ఈ కొద్దిసేపట్లో చెప్పుకుందాం.

మీలో చాలామంది హోసూరు, తిరుత్తణి, కుప్పం, కృష్ణగిరి వైపు వాళ్ళు. సరిహద్దు దగ్గర కాబట్టి తెలుగు, తమిళం రెండూ మీ వీధిలో వినబడతాయి. సరిహద్దుకు ఎంతో దూరాన, తమిళదేశపు దక్షిణపు కొసకు చేరువలో కూడా తెలుగు ఇళ్ళు ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది. విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి, ఎట్టయపురం - ఈ నల్లరేగడి సీమను అక్కడివాళ్ళు కరిసల్ అంటారు. విజయనగర కాలంలోనూ ఆ తరువాత మదురై నాయకుల కాలంలోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి తరలివచ్చి, అడవులు కొట్టి చేలు చేసుకున్నాయి. ఆ వలస కథనే కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలలో రాశారు. ఆయన ఇంటిభాష తెలుగు. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఊళ్ళో పుట్టి, అదే అవార్డు పొందిన మరో కథకుడు కు. అళగిరిసామి గారి ఇంటిభాషా తెలుగే. వాళ్ళిద్దరూ చిన్ననాటి స్నేహితులు.

సరే, ఓడ దగ్గరికి వద్దాం. కరిసల్ చేలలో పండిన పత్తి ఎక్కడికి పోయేది? తూత్తుకుడికి. మదురై నుంచి విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడికి 1876లో రైలుమార్గం వేశారు. అంతకు ముందు ఎడ్లబళ్ళ మీద పోయేది. ఈ సీమ పత్తికి పెట్టుబడిదారుల దృష్టిలో ఎంత విలువ ఉండేదంటే, 1901లోనే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం వెలిసింది. కరుంగణ్ణి పత్తికి పేరు తెచ్చిన కేంద్రాలలో అదొకటి.

తూత్తుకుడి రేవుకు ఒక చిక్కు ఉండేది. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద పొగ ఓడలు ఒడ్డుకు రాలేవు. అయిదారు మైళ్ళ దూరాన లంగరు వేసుకుని నిలబడేవి. మరి పత్తి బేళ్ళు ఆ ఓడలకెక్కేదెలా? తోణి మీద. తోణి అంటే అక్కడి కొయ్య ఓడ, తెరచాపతో నడిచేది. ఒడ్డుకూ పొగ ఓడకూ మధ్య బేళ్ళు మోసేది అదే. కొన్ని పెద్ద తోణులు అంతటితో ఆగక సుమారు 150 నాటికల్ మైళ్ళ దూరంలోని కొలంబోకు, ఇంకా దక్షిణాన మాల్దీవులకు కూడా సరుకు తీసుకుపోయేవి. 1914లో పాంబన్ వంతెన తెరిచేదాకా సింహళం పోయే ప్రయాణికులు సైతం తూత్తుకుడి వచ్చి ఓడ ఎక్కవలసిందే. అంటే కోవిల్‌పట్టి, విరుదునగరం రైతుకూ వర్తకుడికీ లోకం తలుపు తూత్తుకుడి అయితే, ఆ తలుపు గడప తోణి అన్నమాట.

ఇక్కడ కొన్ని మాటలు గమనించండి. తమిళంలో తోణి, తెలుగులో దోనె. తమిళంలో సుక్కాన్, తెలుగులో చుక్కాని. మనం లంగరు అంటే వాళ్ళు నంగూరం అంటారు. వీటిలో చుక్కాని, లంగరు అరబ్బీ, పారసీ నావికుల నుంచి వచ్చిన మాటలు. సముద్రం మీద తిరిగేవాడికి భాషల సరిహద్దు ఉండదు కాబట్టి మాటలు ఓడతోపాటు రేవు రేవుకూ తిరిగాయి. మరొకటి చూడండి. ఓడకు గాలిపట్టే గుడ్డను మనం తెరచాప అంటాం. గుడ్డ అయితే చాప అనడం దేనికి? తమిళంలో దాన్ని పాయ్ అంటారు. పాయ్ అన్నా చాపే. ఒకనాడు మన రెండు తీరాలలోనూ ఆకులతో, నారతో అల్లిన చాపలనే కొయ్యకు కట్టి గాలి పట్టేవారు. నేత గుడ్డ వచ్చి చాప పోయింది గాని మాట పోలేదు. పుస్తకాలలో లేని చరిత్ర ఇలా నోటిమాటలో దాగి ఉంటుంది.

తెలుగువాళ్ళకు ఓడలు కొత్త కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. తూర్పు తీరంలో అటువంటి నాణేలు దొరికాయి. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలోని సరుకును రాజులు లాక్కునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల నుంచి ఆ విధంగా లాక్కోకుండా, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనం సారాంశం. పగిలిన ఓడను చూసి జాలిపడటం కూడా రాజధర్మమే అని ఎంచిన పాలకుడు మనకు ఉన్నాడు.

గోదావరి ముఖద్వారంలో కోరంగి అనే రేవు ఉంది. అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు కూడా. 1802 ప్రాంతంలో ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు అక్కడ డాక్ కట్టించగా, ఆల్బట్రాస్ అనే ఇంగ్లండు రాచనౌకను అందులో మరమ్మతు చేశారు. కోరంగి నుంచి బర్మా పోయిన కూలీల మూలంగా రంగూనులో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని ముంచింది. ఇసుక మేట వేసి రేవూ పూడిపోయింది. అయినా ఆ పక్కనే ఉన్న తాళ్ళరేవులో కొయ్య ఓడలు కట్టే విద్య చేతి నుంచి చేతికి సాగింది. రేవు పోయినా పనివాడు మిగిలితే విద్య మిగులుతుందనడానికి తాళ్ళరేవే సాక్ష్యం.

ఓడ అనగానే కోవిల్‌పట్టి వాళ్ళకు మరొక పేరు గుర్తుకువస్తుంది - వ.ఉ. చిదంబరం పిళ్ళై గారు. ఒట్టపిడారంలో 1872లో పుట్టిన ఈ వకీలు 1906లో తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టారు. గాలియా, లావో అనే రెండు పొగ ఓడలు తెప్పించి తూత్తుకుడి, కొలంబోల మధ్య తెల్లవాళ్ళ కంపెనీకి పోటీగా నడిపించారు. 1908లో ఆయన్ని జైలుకు పంపారు. ఆయన జైల్లో ఉండగానే కంపెనీ మూతపడింది, ఓడలు అమ్ముడుపోయాయి. 1912 చివర విడుదలయ్యాక ఆయనకు వకీలు సన్నదు కూడా లేదు. తరువాత వాలెస్ అనే ఇంగ్లీషు జడ్జి సాయంతో సన్నదు తిరిగివచ్చింది. ఆ కృతజ్ఞతతో తన కొడుక్కి వాలీశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్ళు ఆయన వకీలుగా ఉన్నది మా కోవిల్‌పట్టిలోనే. 1936లో తూత్తుకుడిలో కన్నుమూశారు. 2011లో తూత్తుకుడి రేవుకు ఆయన పేరు పెట్టారు.

చిదంబరం పిళ్ళై గారి పొగ ఓడలు పోయాయి గాని, తోణులు నిలిచాయి. బొగ్గు అక్కర్లేదు, గాలి చాలు. కాని కాలం మారింది. 1974లో తూత్తుకుడి కొత్త హార్బరు పెద్ద రేవుగా ప్రకటించబడింది. పెద్ద ఓడలు నేరుగా గోడ పక్కకే వచ్చి నిలబడసాగాయి. బేళ్ళు మోసే తోణికి పని తగ్గింది. మిగిలిన తోణులకు ఇంజన్లు బిగించారు. ఇంజను వచ్చాక తెరచాప అక్కర ఏముంది? అలా ఒక్కొక్క తెరచాపే మడతపడింది. ఒడ్డున చేరిన పాత తోణులు కొన్ని ఎండకు ఎండి, వానకు తడిసి పాడుబడ్డాయి.

అలా పాడుబడిన తోణి ఎలా చెడుతుందో తెలుసుకుంటే, ఎలా బాగుచేయాలో కూడా అర్థమవుతుంది. కొయ్య ఓడకు ఉప్పునీరు శత్రువు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు కొయ్యను కొంతవరకు కాపాడుతుంది. చెడగొట్టేది వాననీరు. మూత లేని ఓడలో వాననీరు నిలిచి, గాలి ఆడక, కొయ్యకు బూజు పట్టి పుచ్చిపోతుంది. రెండో శత్రువు ఎండ. నీటిలో ఉండవలసిన ఓడను ఒడ్డున వదిలేస్తే పలకలు ఆరి కుంచించుకుపోతాయి. పలకకూ పలకకూ మధ్య వేలు పట్టేంత సందు పడుతుంది. మూడో శత్రువు ఇనుప మేకు. అది తుప్పు పట్టినకొద్దీ చుట్టూ ఉన్న కొయ్య నల్లబడి మెత్తబడుతుంది. నాలుగోది సముద్రపు పురుగు. పేరుకు పురుగే గాని అది ఆల్చిప్ప జాతికి చెందిన ప్రాణి. నీటిలో మునిగి ఉన్న కొయ్యను లోపల్లోపలే తొలుచుకుంటూ పోతుంది. పైకి సూది బెజ్జమంత కనబడుతుంది, లోపల తేనెపట్టులా ఉంటుంది. అయిదోది ఓడ సొంత బరువు. కింద సరిగా దిమ్మలు పెట్టకపోతే రెండు కొసలూ వాలి నడుం ఎత్తుగా లేస్తుంది. నడుం విరిగిన ఓడను బాగుచేయడం మహా కష్టం.

అందుచేత బాగుచేసే వడ్రంగి మొదట చేసే పని కొట్టడం, కోయడం కాదు, నిలబెట్టడం. పోటు బాగా ఉన్న రోజు చూసి, దుంగలు పరిచి, ఓడను ఒడ్డుకు లాగి, కింద దిమ్మలు సర్ది అడుగు దూలాన్ని తిన్నగా చేస్తాడు. ఈ అడుగు దూలాన్ని తమిళంలో ఏరా అంటారు. మనకు ఏరా అంటే కొడుకును పిలిచే పిలుపు. ఓడకు అది వెన్నెముక. ఏరా తిన్నగా ఉంటే మిగిలినదంతా మార్చుకోవచ్చు. ఏరా వంగితే ఏం మార్చినా లాభం లేదు.

రెండోది వినడం. చిన్న కొయ్య సుత్తితో ఓడ ఒళ్ళంతా తట్టుకుంటూ పోతాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది. పుచ్చిన కొయ్య డొల్లగా పలుకుతుంది. పలికిన చోటల్లా సున్నంతో గుర్తు పెడతాడు. రంగు కింద దాగిన పుచ్చు కంటికి కనబడదు, చెవికి దొరుకుతుంది.

మూడోది పక్కటెముకలు. ఓడ లోపల పక్కటెముకల వంటి వంపు దూలాలను వంగు అంటారు. పేరుకు తగ్గట్టు అవి వంగినవే. తిన్నని కొయ్యను వంచి చేస్తే బలం ఉండదు. పుట్టుకతోనే వంగిన కొమ్మను వెతికి తేవాలి. అందుకు నల్లతుమ్మ మంచిది, కరిసల్ సీమలో అది పుట్టే చెట్టే. ఇప్పుడు మా సీమంతా కమ్మేసిన సర్కారు తుమ్మ కంపను మాత్రం బొగ్గు చేయడానికి వాడుకుంటున్నాం. ఇంటికి దూలం కావాలంటే తిన్నని చెట్టు వెతుకుతాం. ఓడకు మాత్రం వంకర చెట్టే కావాలి. తరగతిలో వంకరగా ఉన్నాడని మనం పక్కన పెట్టే పిల్లవాడు ఎక్కడో ఒక ఓడకు పనికివస్తాడేమో, ఉపాధ్యాయులం ఆలోచించుకోవాలి.

నాలుగోది పలకలు. ఇక్కడ ఓర్పు కావాలి. పుచ్చిన పలకలన్నీ ఒకేసారి ఊడబీకితే ఓడ తన ఆకారం మరిచిపోతుంది. ఒక పలక తీసి, దాన్నే అచ్చుగా పెట్టుకుని కొత్తది చెక్కి, బిగించి, ఆ తరువాతే మరోదాని మీద చెయ్యి వేయాలి. పక్కపక్క పలకలను ఒకేసారి తీయరు. పుచ్చిన పలక పారేయవలసిందే అయినా, పారేయబోయే ముందు కొత్తదానికి తన ఒంపు నేర్పి పోతుంది.

అయిదోది మన పత్తి పని. పలకల సందులలోకి పత్తిని తాడులా పేని, మొద్దు ఉలి పెట్టి, కొయ్య సుత్తితో కొట్టి దూరుస్తారు. ఈ పనిని కలప్పత్తు అంటారు. పోర్చుగీసువాళ్ళ నుంచి తమిళంలోకి వచ్చిన మాట ఇది. పత్తి దూర్చాక గుగ్గిలాన్ని నూనెలో కాచిన ముద్దతో పైన మూస్తారు. ఓడ అడుగుకు సున్నం, కొవ్వు కలిపి పూయడం పాత పద్ధతి, పురుగు పట్టకుండా. చూడండి, తోణి మోసేది పత్తి బేళ్ళు, తోణిని మునగకుండా కాపాడేదీ పత్తే, తోణిని నడిపే తెరచాపా పత్తి గుడ్డే. విరుదునగరం నూనె వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. పత్తీ నూనే లేకపోతే కొయ్య ఓడ లేదు. కరిసల్ చేను సముద్రానికి 60 కిలోమీటర్లు అని మొదట చెప్పాను. ఈ లెక్కన చూస్తే చేను ఓడ లోపలే ఉంది.

పత్తి దూర్చడంలో ఒక మెళకువ ఉంది. మరీ బిగించి కొట్టకూడదు. నీటిలో పడ్డాక కొయ్య ఉబ్బుతుంది. ముందే బిగిస్తే ఉబ్బడానికి చోటు లేక పలక పగులుతుంది, మేకులు కదులుతాయి. ఎంత బిగి చాలో చెప్పేది సుత్తి చప్పుడే. బాగుచేసిన ఓడను నీటిలోకి దించిన మొదటి రోజు నీరు కారుతుంది. తెలియనివాడు కంగారు పడతాడు. తెలిసినవాడు నీరు తోడుతూ ఓపిక పడతాడు. రెండు మూడు రోజులకు కొయ్య నీరు తాగి ఉబ్బి, సందులు తామే మూసుకుంటాయి. ఆ తరువాతనే అడుగున బరువులు సర్దడం, కొయ్య నిలపడం, తెరచాప కట్టడం. తెరచాపకు కూడా శత్రువు నిర్లక్ష్యమే. తడి గుడ్డను అలాగే చుట్టి పెడితే బూజు పట్టి చినిగిపోతుంది.

ఇంత పనికీ కాగితం మీద గీసిన పటం ఏదీ ఉండదు. అదే ఇక్కడ అసలు ప్రశ్న. ఓడ మరమ్మతుకు కావలసింది కొయ్య, మేకు, పత్తి మాత్రమే కాదు. జ్ఞాపకం కావాలి. ఆ జ్ఞాపకం ఎక్కడ దాగి ఉంటుందో మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది కాగితంలో దాగిన జ్ఞాపకం. 1817 అక్టోబరులో బొంబాయిలో వాడియా కుటుంబపు పార్సీ మేస్త్రి జంషెట్‌జీ బొమన్‌జీ గారు ఇంగ్లండు నౌకాదళానికి ట్రింకోమలీ అనే తెరచాపల యుద్ధనౌకను టేకుతో కట్టి నీటిలోకి దించారు. దానికోసం ఇంగ్లండు నుంచి పంపిన మొదటి పటాలు దారిలో పోయాయి. వాటిని తెస్తున్న జావా అనే ఓడను 1812 చివర అమెరికా నౌక ఓడించింది. మళ్ళీ పటాలు పంపేదాకా పని ఆగవలసి వచ్చింది. ఆ నౌక తరువాత ఫూద్రోయాంట్ అని పేరు మార్చుకుని, పిల్లలకు శిక్షణ ఇచ్చే ఓడగా ఉండి, 1986 తరువాత పనిలేక మిగిలింది. దాన్ని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌కు చేర్చి, 1990 నుంచి 2001 దాకా పదకొండేళ్ళు శ్రమపడి బాగుచేశారు. కోటి పౌండ్లకు పైగా ఖర్చయింది. 1992లో పాత పేరు తిరిగి పెట్టారు. దాని ఒంట్లో సగానికి పైగా కొయ్య ఇప్పటికీ పాతదే, మన దేశపు టేకే. అంత ఖర్చు పెట్టగలగడం ఒక ఎత్తు. ఎలా బాగుచేయాలో తెలియడం మరో ఎత్తు. ఆ తెలివిడికి కాగితాలు తోడ్పడ్డాయి.

రెండోది బొమ్మలో దాగిన జ్ఞాపకం. అజంతా గుహలో అయిదో శతాబ్దపు ఓడ చిత్రం ఒకటి ఉంది. మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టి ఓడలు కట్టే విద్య మన దేశంలో ఒకప్పుడు ఉండేది. ఆ చిత్రాన్ని ఆధారం చేసుకుని, బాబు శంకరన్ గారి నాయకత్వంలో కేరళ పనివాళ్ళు కుట్టిన ఓడను మన నౌకాదళం 2025 మే 21న కార్వార్‌లో కౌండిన్య అనే పేరుతో చేర్చుకుంది. చిత్రంలో ఓడ ఆకారం కనబడుతుంది గాని లోపలి కట్టు కనబడదు. మిగిలినదంతా లెక్కలు కట్టి, నమూనాలు చేసి ఊహించుకోవలసి వచ్చింది. అయినా కుట్టగల చేతులు కేరళలో మిగిలి ఉన్నాయి కాబట్టి ఆ ఓడ తేలింది. చేతులు కూడా లేకుంటే బొమ్మ బొమ్మగానే మిగిలేది.

మూడోది చేతిలోనూ నోటిలోనూ దాగిన జ్ఞాపకం. తూత్తుకుడి, తాళ్ళరేవు ఓడ వడ్రంగుల విద్య అటువంటిది. అది కాగితం మీద లేదు, గుహ గోడ మీద లేదు. తాత తండ్రికి, తండ్రి కొడుక్కి పని చేస్తూ చెప్పినది. కొడుకు వేరే ఉద్యోగానికి పోతే అక్కడితో ఆగిపోతుంది. కొడుకు వెళ్ళడం తప్పు కాదు. ఎండలో బాడిస పట్టి చెక్కమని ఎవరినీ మనం నిర్బంధించలేం. కాని తండ్రి కాలం చేసేలోగా ఆయన నోటిమాట రాసి పెట్టుకోకపోవడం మాత్రం మన తప్పే అవుతుంది.

గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ ఒక కథ చెప్పాడు. థీసియస్ అనే వీరుడి ఓడను ఏథెన్సు పట్టణంవాళ్ళు ఎన్నో తరాలు భద్రపరిచారట. పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ వచ్చారట. కొన్నాళ్ళకు పండితులలో వాదం పుట్టింది. పలకలన్నీ మారిపోయాక ఇది ఆ ఓడేనా, మరో ఓడా అని. కొందరు అదే అన్నారు, కొందరు కాదన్నారు. తూత్తుకుడి ఒడ్డున ఓడ వడ్రంగికి ఈ ప్రశ్న వేస్తే ఆయన నవ్వుతాడు. ఒకటొకటిగా, పాత పలక కొత్త పలకకు ఒంపు నేర్పుతూ మారితే అది అదే ఓడ. అన్నీ ఒకేసారి పీకి కొత్తవి కొట్టితే అది కొత్త ఓడ. తేడా కొయ్యలో లేదు, మార్చిన తీరులో ఉంది.

శ్రోతలారా, ఈ ప్రశ్న మనది కూడా. కరిసల్ ఇళ్ళలో మాట్లాడే తెలుగు వందల ఏళ్ళుగా తెలుగునాటికి దూరంగా, బడి లేకుండా, లిపి లేకుండా బతికింది. ఎన్నో పలకలు మారాయి. లెక్కలు, వారాల పేర్లు, ఆఫీసు మాటలు, పొలం మాటలు చాలావరకు తమిళమే. ఇది తెలుగేనా అని బయటివాళ్ళు అడుగుతారు. నేను వింటూనే ఉంటాను. సినిమా తెలుగు విని పెరిగిన మీరు మా ఇళ్ళకు వస్తే మొదట తికమకపడతారు. అయినా కోపం వచ్చినా, నిద్రలో కలవరించినా, కొడుకును పిలిచినా ఆ నోటికి వచ్చేది తెలుగే. ఓడకు ఏరా ఎటువంటిదో, భాషకు ఆ పిలుపు అటువంటిది. అది తిన్నగా ఉన్నంతవరకు ఓడ మనదే. తమిళ పలకలు చేరినందుకు సిగ్గుపడవలసిన పని లేదు. అవి ఆ సముద్రంలో తేలడానికి కావలసిన పలకలు. ఎట్టయపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి గారు భారతదేశం గురించిన తన పాటలో తెలుగు పాటనూ తోణి నడపడాన్నీ ఒక్కచోట కలిపారు. తమిళ మహాకవికి తోచిన ఆ కలయిక మనకు ఎబ్బెట్టుగా ఎందుకు ఉండాలి?

అయితే వాననీటిని మాత్రం నిలవనివ్వకూడదు. నిర్లక్ష్యం అన్నది వాననీటి వంటిది. చప్పుడు చేయదు, ఒక్కరోజులో ముంచదు. ఇంట్లో పిల్లవాడు తెలుగులో అడిగితే మనం వేరే భాషలో బదులు చెప్పడం, అమ్మమ్మ చెప్పే మాటను మోటు అని నవ్వడం, ఇటువంటి చిన్న చిన్న చుక్కలే నిలిచి నిలిచి పుచ్చు పట్టిస్తాయి.

మరి ఏం చేయాలి? కి. రాజనారాయణన్ గారు పెద్ద చదువులు చదివినవారు కారు. ఆయన ఒక రైతు. కరిసల్ సీమ వాడుకమాటలను ఊరి జనం నోటి నుంచి ఏరి 1980లలో నిఘంటువు తెచ్చారు. అది తమిళ మాటల నిఘంటువు. మన మాటలకు అటువంటి పని మనమే చేసుకోవాలి. దీనికి డబ్బు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. మీ ఊళ్ళో బండి కట్టే వడ్రంగి, చెరువులో పడవ నడిపే జాలరి, మగ్గం నేసే నేతగాడు, కుండలు చేసే కుమ్మరి ఎవరున్నా సరే, వాళ్ళ దగ్గరికి మీ పిల్లల్ని పంపండి. పనిముట్టు పేరేమిటి, ఎందుకు వాడతారు, చప్పుడు ఎలా ఉంటే సరి అయినట్టు, ఎలా ఉంటే తప్పినట్టు - ఇవన్నీ అడిగి రాయమనండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే రాయనివ్వండి. మాట నిలవడం ముఖ్యం, లిపి తరువాత నేర్చుకోవచ్చు. రాసినది పెట్టెలో దాచుకోకుండా పదిమందికీ చదివి వినిపించండి. తెలిసినవాడు తప్పు దిద్దుతాడు, తెలియనివాడు నేర్చుకుంటాడు. ఓడ మరమ్మతు అయినా, భాష మరమ్మతు అయినా దాచుకుంటే పెరిగే పని కాదు.

చివరగా ఒక మాట. నీటిలోకి దించిన మొదటి రోజు నీరు కారుతుందని చెప్పాను. పిల్లలు మొదట రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు ఓడను ఒడ్డుకు లాగేయకండి. నీరు తోడుతూ కాస్త ఓపిక పట్టండి. కొయ్య ఉబ్బి సందులు మూసుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. భాషకు రెండు మూడు సంవత్సరాలు పట్టవచ్చు.